ఏమీ జరగని రోజున కొట్టిన కొబ్బరికాయ

ఉప్పాడలో నాదొక చిన్న సెల్‌ఫోన్ రిపేరు షాపు. మా వీధిలో పుట్టిన మగవాళ్ళందరూ సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళే, నేను తప్ప. చిన్నప్పుడు మా నాన్న పడవెక్కించిన మొదటి రోజే తిన్నదంతా కక్కుకున్నాను. "వీడు ఒడ్డున ఉండటానికే పుట్టాడు" అని నన్ను దించేశారు. ఒడ్డున ఉన్నవాడికి చూడటం తప్ప ఇంకేం పనుంటుంది? సముద్రాన్ని చూశాను, ఆకాశాన్ని చూశాను, పెద్దయ్యాక ఫోన్లు విప్పి లోపల ఏముందో చూశాను. మూతపెట్టి ఉన్నది కనిపిస్తే దాన్ని తీసి చూసేదాకా నాకు అన్నం సహించదు. మా ఆవిడ ఇప్పటికీ నా ముందు అల్మారా తాళం వెయ్యదు. వేస్తే ఇంకా ప్రమాదమని ఆవిడకు తెలుసు.

అలాంటి నేను ఎంత గింజుకున్నా మూత తియ్యలేకపోయినది ఒకటుంది. అది ఆకాశం నుంచి పడింది.

ఆ సాయంత్రం పొద్దు మా వెనక ఊరి మీదుగా దిగిపోయి, సముద్రం నల్లబడుతోంది. వీధి అరుగుల మీద ఆడవాళ్ళు, పడవల పక్కన మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను షాపు ముందు నిలబడి టీ తాగుతున్నాను. దక్షిణం వైపు నుంచి ఒక వెలుగు లేచింది. చప్పుడు లేదు. పైకి వెళ్ళి వెళ్ళి, నీళ్ళలో పాలచుక్క వేస్తే విచ్చుకున్నట్టు తెల్లగా, కాస్త నీలంగా విచ్చుకుంది. కింద మేమందరం చీకట్లో ఉన్నాం, పైన అది మాత్రం పట్టపగల్లా మెరుస్తోంది. అందులోంచి ఎర్రటి చుక్క ఒకటి విడిపోయి, ఏ తొందరా లేనట్టు సముద్రం వైపు జారింది. వీధి మొత్తం నోళ్ళు తెరుచుకుని చూసింది. నా టీ చల్లారిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు భయం వెయ్యలేదు. పండగలా అనిపించింది.

మర్నాడు ఎవరి నోట విన్నా అదే. రాకెట్టన్నారు, క్షిపణన్నారు, తోకచుక్కన్నారు. ఫోన్లో వీడియోలు చూసి బుర్ర పాడుచేసుకున్న కుర్రాళ్ళు వేరే గ్రహం వాళ్ళ వాహనమని తేల్చేశారు. టీవీలో ఎవరో విలేకరి ఒక పెద్ద ఆఫీసరు గారిని అడిగితే, "అలాంటిదేదీ మా దృష్టికి రాలేదు" అన్నారాయన. అంత పెద్ద ఆకాశం దృష్టికి రాకపోవడానికి ఆయన ఎటు చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

తర్వాత కొన్నాళ్ళకు అది మా అత్త వాళ్ళ వలలో పడింది.

అత్త అంటే మా నాన్నగారి అక్క. మామయ్య పోయాక వల ఆమె కొడుకు, అంటే మా బావ చేతికొచ్చింది. బావ చేపలు పడతాడు, అత్త గంపలో పెట్టుకుని కొత్తపల్లి వీధుల్లో అమ్ముతుంది. వాళ్ళది అలివి వల. పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ వదిలి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డు నుంచి లాగాలి. లాగడానికి ఆడా మగా తేడా లేకుండా వీధంతా వస్తుంది. షాపు తెరవక ముందు నేనూ వెళ్ళి ఓ చెయ్యి వేస్తుంటాను. ఆ రోజు వల కదలనంటే కదలనంది. "పెద్ద సొర పడింది" అని కొందరు, "కాదు, మునిగిన దుంగ" అని కొందరు. తీరా ఒడ్డుకొచ్చాక చూస్తే చేపల మధ్య తెల్లటి గుడ్డ, గుడ్డకు బోలెడన్ని తాళ్ళు, తాళ్ళ చివర ఒక లోహపు వస్తువు. బిందె కంటే పెద్దది, గంగాళం కంటే చిన్నది. ఒక పక్క వెండిలా మెరుస్తోంది, ఇంకో పక్క కాలి నల్లబడింది. ఎక్కడా పేరు లేదు, ఊరు లేదు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. సముద్రం మా ఊరిని ఏటా కాస్త కాస్తగా తింటూనే ఉంది. నేను పుట్టిన ఇల్లు ఇప్పుడు పడవలు లంగరేసే చోట నీళ్ళ కింద ఎక్కడో ఉంది. తుఫాను వెళ్ళాక ఊరు ఊరంతా దువ్వెనలు పట్టుకుని తడి ఇసుకలో బంగారం తునకలు వెతుకుతుంది. తీసుకున్న తల్లే ఎంతో కొంత తిరిగిస్తుందని మా నమ్మకం. అందుకే వలలో చేప కానిదేది పడినా, అది కొయ్య బొమ్మైనా, విరిగిన తెడ్డైనా, ముందు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొడతాం. అదేంటో ఆ తర్వాత చూసుకుంటాం. ముందు మర్యాద, తర్వాత విచారణ.

అత్త పసుపు తెచ్చి దానికి వెనకా ముందూ దట్టంగా పూసింది. బొట్లు పెట్టింది. నేను దాని చుట్టూ తిరుగుతూ మూత ఎక్కడుందా అని వెతుకుతున్నాను. బావ కొబ్బరికాయ పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఒడ్డంతా ఇసుక, కొట్టడానికి రాయి లేదు. సముద్రానికి అడ్డంగా కట్టిన గట్టు రాళ్ళు దూరం. మా బావ తొందర మనిషి. చెయ్యెత్తి కొబ్బరికాయను ఠంగుమని దాని నెత్తినే కొట్టాడు. కాయ రెండు చెక్కలైంది, దానికో సొట్ట పడింది. కొబ్బరినీళ్ళు దాని మీద నుంచి కారి ఇసుకలో ఇంకాయి. అత్త ముక్కలు కోసి లాగినవాళ్ళందరికీ పంచింది. అందరం కళ్ళకద్దుకుని తిన్నాం.

జీపులు వచ్చేసరికి ఆ కొబ్బరి ఇంకా కొందరి నోళ్ళలోనే ఉంది. ఎవరో అప్పటికే ఫోన్లో స్టేటస్ పెట్టారట. దిగినవాళ్ళు ఏ ఆఫీసు వాళ్ళో చెప్పలేదు. ముందు పోలీసులు మమ్మల్ని వెనక్కి జరిపారు. వాళ్ళ వెనకే, చేతులకు గ్లౌజులు తొడుక్కున్న నలుగురైదుగురు వచ్చారు. వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్నాయన ఒకరు. మనిషి బక్కగా, బడి మాస్టారిలా ఉన్నాడు. మిగతావాళ్ళంతా ఆయన ముఖం వైపే చూస్తున్నారు. ఆయన ఆ వస్తువు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తప్పిపోయిన దూడ దొరికిన రైతులా దాన్ని తడిమాడు. అదేంటో ఆయనకు తెలుసు. ఆ సంగతి మాత్రం నాకు అక్కడే తెలిసిపోయింది.

"ఈ సొట్ట పడినప్పుడే ఉందా?" అనడిగాడు.

"లేదండి, అది కొబ్బరికాయదండి" అన్నాడు బావ వినయంగా.

"ఈ పసుపు రంగు పొడి?"

"పసుపేనండి."

ఆయన తన గ్లౌజుకు అంటిన పసుపు చూసుకున్నాడు. తర్వాత పక్కవాడు రాసుకోబోతుంటే వద్దని చెయ్యి ఊపాడు.

వాళ్ళలో పెద్దగా కనిపించిన ఇంకొకాయన మాకు రెండు మాటలు చెప్పాడు. "ఇక్కడ ఏమీ జరగలేదు. మీరేమీ చూడలేదు." ఫోన్లన్నీ తీయించి, వీడియోలు ఎవరివి వాళ్ళ చేతే చెరిపించారు. అత్త మాత్రం తన ధోరణిలో తను ఉంది. మన దగ్గరికొచ్చినవాళ్ళను ప్రసాదం పెట్టకుండా పంపకూడదు కదా, పళ్ళెం పట్టుకుని వాళ్ళ మధ్యకు నడిచింది. మిగతావాళ్ళు చేతులడ్డం పెట్టి వద్దన్నారు. కళ్ళజోడు ఆయన ఒక చేతి గ్లౌజు తీసి, ముక్క అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ లోహపు పెట్టెను గుడ్డతో సహా జీపులోకి ఎక్కించుకుని వెళ్ళిపోయారు. టైర్ల గుర్తుల్ని కూడా అలలు చెరిపేశాయి. నిజంగానే ఏమీ జరగనట్టు అయిపోయింది ఒడ్డు.

పెట్టె పోయింది, పుకారు మిగిలింది. ఎవరో యూట్యూబు వాడు మైకు పట్టుకుని వచ్చి, ఉప్పాడ తీరంలో అంతుపట్టని పెట్టె అని అరిచి వెళ్ళాడు. దాన్ని ముట్టుకుంటే జుట్టు ఊడిపోతుందన్నారు. గ్లౌజులు ఊరికే వేసుకుంటారా అన్నారు. ఎవరికి విరేచనాలు పట్టినా, ఎవరి ఒంటి మీద దద్దురు లేచినా ఆ కొబ్బరి ముక్కే అన్నారు. పదేళ్ళ కిందటే బట్టతల వచ్చిన మా టీకొట్టాయన కూడా అద్దంలో చూసుకుని నిట్టూర్చడం మొదలెట్టాడు. కడుపులో పెట్టుకున్న భయానికి పైన ఒక పేరు కావాలి కదా, ఆ పేరు చివరికి మా అత్త చేపలకు తగిలింది.

"ఇది ఆ వల చేపేనా?" అని అడిగేవారట కొత్తపల్లిలో. మా అత్త అబద్ధమాడదు. "ఆయ్, ఆ వలదేనండి" అనేది. తలుపులు మూసుకునేవి. పక్క పడవల వాళ్ళేమో అడగకుండానే "మాది ఆ వల కాదండోయ్" అని కేకేసి మరీ అమ్ముకునేవారు. అదే సముద్రం, అదే నీళ్ళు, అదే చేప! నాకు ఒళ్ళు మండిపోయేది. అత్త మాత్రం పొద్దెక్కాక నిండు గంపతో తిరిగొచ్చి, చేపల్ని ఉప్పు పట్టించి ఎండబెట్టేది. ఎండు చేపకు కూడా బేరం లేదు. కేక వెయ్యడం మానేసింది. వీధి చివరి నుంచి వినిపించే గొంతు ఆమెది. "చేపలమ్మా" అంటే మూడు వీధుల పిల్లులు లేచేవి. ఇప్పుడు తల వంచుకుని నడుస్తోంది.

అన్నిటికన్నా ఆమెను కుంగదీసింది గంప. నిండు గంప ఒక్కరి వల్ల నెత్తికెక్కదు. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి చెయ్యి పట్టాలి. ఎదురింటి పిన్ని ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే వచ్చి అత్తకు గంప ఎత్తేది. కష్టం సుఖం మాట్లాడుకునేది ఆ రెండు నిమిషాలే. ఇప్పుడు పిన్ని అదే సమయానికి ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటోంది. ఆమెదీ తప్పనలేను. కొబ్బరి ముక్క తనూ తింది, మనవరాలికీ పెట్టింది. ఆ పిల్లకు నలత చేస్తే భయపడిపోయింది. అందుకని నేనే షాపు మానుకుని వెళ్ళి గంప ఎత్తేవాణ్ణి. "నీకెందుకురా అల్లుడా, నీ బేరం పోద్ది" అనేది అత్త. మళ్ళీ నేను రావడం కాస్త ఆలస్యమైతే వీధి మొగలోకి చూస్తూ నిలబడేది.

ఒకరోజు ఆమెను బండి మీద ఎక్కించుకుని మండలాఫీసుకు తీసుకెళ్ళాను. అక్కడి ఆఫీసరు గారు మంచి మనిషే. కుర్చీలు వేయించారు, మంచినీళ్ళిప్పించారు.

"ఆ వస్తువు ఏంటో మాకు చెప్పక్కర్లేదండి. దానివల్ల ఏం ప్రమాదం లేదని ఒక్క మాట చెప్పండి చాలు" అన్నాను.

"ఏ వస్తువండి?" అన్నారాయన.

"మా వలలో పడింది కదండి."

"అలాంటిది పడినట్టు మాకు సమాచారం లేదండి."

"పోనీ, పడలేదనే అనుకుందాం. పడని ఆ వస్తువు ప్రమాదం కాదని చెప్పండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు జాలిగా చూశారు. "మీరు చదువుకున్నవారిలా ఉన్నారు, మీరే చెప్పండి. లేనిదాన్ని పట్టుకుని ప్రమాదం కాదని నేనెలా అంటాను? అంటే ఉందని ఒప్పుకున్నట్టే కదండి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన వాదనలో ఎక్కడా లోపం లేదు, అదే నన్ను మండించింది. మా అత్త చేప అమ్ముడుపోవాలంటే ముందు ప్రభుత్వం ఆకాశాన్ని చూశానని ఒప్పుకోవాలి. బయటికి వచ్చాక అత్త అంది, "ఆయన ఉజ్జోగం ఆయనదిరా. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. దేశం గుట్టు మనకెందుకు?"

దేశానికి గుట్టు ఉండాలి, ఒప్పుకుంటాను. అది మన క్షిపణే అయితే ఎంత దూరం వెళుతుందో, ఎలా పేలుతుందో నాకు చెప్పమనడం లేదు, అడగమన్నా అడగను. (ఇది పూర్తిగా నిజం కాదు. ఎవరైనా విప్పి చూపిస్తే ఉప్పాడ నుంచి రాజమండ్రి దాకా నడిచి వెళతాను.) కానీ గుట్టు దాచుకోవడం వేరు, ఎదుటివాడి కళ్ళను అబద్ధం చెయ్యడం వేరు. "చూశారు, అది మాదే, అంతకుమించి చెప్పలేం, మీకు హాని లేదు" అనుంటే మా వీధి వాళ్ళు చేతులు జోడించి ఇళ్ళకు పోయేవాళ్ళు. మీరేమీ చూడలేదన్నారు. అలా అన్నాక ఇంకేం చెప్పినా ఎవరు నమ్ముతారు? గట్టు నిలుస్తుందన్నప్పుడు ఒకసారి నమ్మి, ఇల్లు పోగొట్టుకున్న ఊరు మాది.

నేను ఊరుకునే రకం కాదు కదా. ఆ రోజు ఫోన్లలో చెరిపించిన వీడియోలు నిజంగా ఎక్కడికీ పోవు. చెత్తబుట్టలాంటి అరలో కొన్నాళ్ళు పడుంటాయి. పోలీసులకు ఆ సంగతి తట్టలేదు. తట్టినా వీధి వీధంతా ఫోన్లు వెతికే ఓపిక వాళ్ళకు లేదు. ఒక్కొక్కరే చాటుగా షాపుకొచ్చి, "అబ్బాయ్, పోయింది మళ్ళీ వస్తదా?" అని అడగసాగారు. చాలావాటిలో ఇసుక, కాళ్ళు, అరుపులు తప్ప ఏమీ లేవు. చివరికి బావ ఫోన్లో ఒకటి దొరికింది. అందులో అత్త పళ్ళెం పట్టుకుని నడుస్తోంది. కళ్ళజోడు ఆయన గ్లౌజు తీస్తున్నాడు, ముక్క అందుకుంటున్నాడు, కళ్ళకద్దుకుంటున్నాడు. సరిగ్గా అక్కడ ఎవరిదో భుజం అడ్డమొచ్చింది. భుజం తప్పుకునేసరికి ఆయన చెయ్యి ఖాళీగా ఉంది.

తిన్నాడా, జేబులో వేసుకున్నాడా?

ఇక చూడండి మా వీధి పరిస్థితి. ఆకాశంలో ఏముందన్న ప్రశ్న పోయింది, అది ఏ దేశానిదన్న ప్రశ్న పోయింది. కళ్ళజోడు ఆయన కొబ్బరి ముక్క తిన్నాడా లేదా అన్నదొక్కటే మిగిలింది. అందులో ఒక తర్కం ఉంది మరి. అదేంటో తెలిసినవాడు ఆయన. తెలిసి తిన్నాడంటే విషం లేనట్టే. తెలిసి జేబులో వేసుకున్నాడంటే మా పని అయిపోయినట్టే. షాపు ముందు జనం చేరి ఆ వీడియోను వెనక్కీ ముందుకీ జరిపి చూసేవారు. "దవడ కదిలింది చూడు" అని ఒకడు. "అది మాట్లాడతన్నాడెహె" అని ఇంకొకడు. "భయముంటే గ్లౌజు ఎందుకు తీస్తాడు?" అంటే, "భయం లేనోడు అసలు ఎందుకు ఏసుకున్నాడు?" అని జవాబు. నేను బొమ్మను పెద్దది చేసి ఆయన బుగ్గ వైపు ఎంతసేపు చూశానో. ఉబ్బినట్టే ఉంటుంది ఒకసారి, లేనట్టే ఉంటుంది ఇంకోసారి. ఆ భుజం ఎవరిదో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

ఈ గొడవలో ఉండగానే ఒడ్డుకు ఇంకో తునక కొట్టుకొచ్చింది. పళ్ళెం అంత ఉంటుంది, తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా ఉంది. ఈసారి పసుపు లేదు, కుంకుమ లేదు. ఎదురింటి పిన్ని పొడుగాటి వెదురు గెడ తెచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, దాన్ని దొర్లిస్తూ దొర్లిస్తూ నీళ్ళలోకి తోసేసింది. అల వెనక్కి తీసుకెళ్ళిపోయింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఏమీ లేదు. చేతికందిన దాన్ని చూడకుండానే పోగొట్టుకున్నానని ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. గంగమ్మ పంపినదాన్ని తిప్పి పంపడం మా వీధిలో నాకు తెలిసి అదే మొదటిసారి. అత్త అది చూసి తల తిప్పేసుకుంది.

ఇంకొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున్న అత్తకు గంప ఎత్తడానికి వెళితే, వీధి మొగలో ఒక జీపు ఆగి ఉంది. కళ్ళజోడు ఆయన ఒక్కడే దిగి వస్తున్నాడు. గ్లౌజులు లేవు, పోలీసులు లేరు. చొక్కా చేతులు మడుచుకుని ఉన్నాడు. మొన్నటి మనిషేనా అనిపించింది. నిద్ర లేనట్టు కళ్ళ కింద నలుపు. అరుగుల మీదున్న వాళ్ళందరినీ ఉద్దేశించి, "ఏమండీ, ఈ మధ్య ఒడ్డుకి ఇంకేమైనా కొట్టుకొచ్చిందాండీ? చిన్న తునక అయినా సరే" అనడిగాడు.

పిన్ని తలుపు చాటున నిలబడింది. చివరికి అత్తే నోరు విప్పింది.

"వచ్చింది బాబూ. ఎనక్కి తోసేశాం."

ఆయన ముఖం పాలిపోయింది. "తోసేశారా? ఎందుకమ్మా? ఒక్క ఫోన్ చేసుంటే..."

"ఏమని చెయ్యమంటావు? ఏం జరగలేదన్నారుగా మీరు. జరగంది ఒడ్డుకెలా వస్తది?"

ఆయన పడవ అంచు మీద చెయ్యి ఆనించి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తునక కోసం ఎవరో ఎక్కడో ఎదురుచూస్తున్నారని, అది లేకపోతే వాళ్ళకు తెలియాల్సినదేదో తెలియకుండానే పోతుందని ఆయన నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది. నాకు మొదటిసారి ఆ మనిషి మీద జాలేసింది. మూత తియ్యలేని బాధ నాకు తెలుసు. మాకు తెలియనివ్వకుండా వాళ్ళు దాచుకున్నారు. తీరా వాళ్ళకు తెలియాల్సినది మా చేతుల్లో ఉన్నప్పుడు మేం నీళ్ళలోకి తోసేశాం.

"ఈసారి వస్తే చెప్తాం బాబూ" అంది అత్త. "నువ్వు ముందు నాకొకటి చెప్పు."

"అమ్మా, దాని గురించి నన్నేమీ అడగొద్దు. నేను చెప్పకూడదు."

"దాని గురించి కాదయ్యా. కొబ్బరి ముక్క గురించి. కాయ మాది, కొట్టింది మావోడు, పెట్టింది నేను. అది గవర్నమెంటుది కాదు. తిన్నావా?"

ఆయనకు ముందు అర్థం కాలేదు. వీధి వీధంతా తన నోటి వైపు ఎందుకు చూస్తోందో తెలియక అందరినీ ఒకసారి కలయజూశాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. మా బావ వల బాగుచేసే దారం చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఇన్ని రోజులు ఆయన బుగ్గనే చూసి చూసి, ఇప్పుడు అసలు మనిషి ఎదురుగా ఉంటే చూడటానికి భయమేసింది.

"సగం జీపులో తిన్నానమ్మా" అన్నాడాయన. "సగం ఇంటికి పట్టుకెళ్ళి మా పాపకి పెట్టాను." ఇంకేమైనా తప్పు చేశానా అన్నట్టు, "ప్రసాదం కదండీ" అని కలిపాడు.

అత్త కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరిగినా గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"మీ పాప ముళ్ళు తీసుకుని తినగలదా?"

"లేదమ్మా, చిన్నపిల్ల."

అత్త వంగి గంపలో వెతికి, ముళ్ళు తక్కువుండే చందువ చేపలు రెండు ఏరింది. కవర్లో వేసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన జేబులో చెయ్యి పెట్టబోతే కసిరింది. ఆయన ఆ కవరు పట్టుకుని, వెళ్ళాలో ఉండాలో తెలియనట్టు కాసేపు నిలబడి, చివరికి జీపు వైపు నడిచాడు. నేను వెనకాలే వెళ్ళి, అదేంటో కనీసం సైగైనా చేస్తాడేమోనని ముఖంలోకి ఆశగా చూశాను. నవ్వాడు, అంతే. ఇప్పటికీ అదేంటో నాకు తెలియదు. ఆకాశం వైపు చూసినప్పుడల్లా మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూనే ఉంటాను.

జీపు వెళ్ళిపోయాక గంప ఎత్తుదామని వెనక్కి వచ్చాను. నాకంటే ముందే ఎదురింటి పిన్ని వచ్చి గంప అంచు పట్టుకుని నిలబడి ఉంది. తల వంచుకుని ఉంది. అత్త నెత్తి మీది గుడ్డ చుట్టకుదురు సరిచేసుకుని ఆమెకు ఎదురుగా వంగింది. ఇద్దరూ కలిసి గంపను ఒక్క ఊపులో నెత్తికెత్తారు.

"ఇంకా ఇక్కడే నిలబడ్డావేంటిరా?" అంది పిన్ని నా వైపు చూడకుండానే. "ఎల్లి నీ షాపు తెరుచుకో."